కాఫీయే కదా అనుకుంటే: ఆపరేషన్‌కి ముందు మత్తు కబుర్లు

హోస్ట్: డాక్టర్ గారూ, ముందు మా అమ్మ సంగతి చెప్పేస్తాను. గాల్‌బ్లాడర్ ఆపరేషన్. ఏడింటికి థియేటర్‌లోకి తీసుకెళ్లాలి. ఐదున్నరకే కాఫీ తాగేసింది. "ఏమీ తినలేదుగా, కాఫీయే కదే" అంది. ఆపరేషన్ మర్నాటికి వాయిదా!

డాక్టర్: మంచి పని చేశారు. మన కాఫీలో ముప్పాతిక పాలేనమ్మా. పాలు తాగితే టిఫిన్ తిన్నట్టే లెక్క, 6 గంటలు ఆగాలి. బిర్యానీ, వేపుళ్లు లాగిస్తే 8. మామూలుగా వట్టి మంచినీళ్లయితే 2 గంటల ముందు దాకా తాగొచ్చు.

హోస్ట్: అంత పట్టుదల ఎందుకండీ?

డాక్టర్: మెలకువగా ఉంటే, పొలమారగానే దగ్గేస్తాం. మేమిచ్చే ప్రొపొఫాల్ అనే మత్తుమందు ఆ దగ్గునే అణిచేస్తుంది. కడుపులోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి దిగిందంటే ప్రాణం మీదికే వస్తుంది. బరువు తగ్గడానికి వారానికో ఇంజెక్షన్ తీసుకుంటున్నారు చూడండి, వాళ్లకి తిన్నది త్వరగా అరగదు. ఆ సంగతి ముందే చెప్పాలి.

హోస్ట్: ప్రొపొఫాల్... మైకేల్ జాక్సన్ పోయింది దీనివల్లే కదా?

డాక్టర్: అవును, 2009లో. నిద్ర పట్టడానికని ఇంట్లో ఇచ్చారు. ఊపిరిని తగ్గించే మందు అది. థియేటర్‌లో అయితే ఆక్సిజన్, మానిటర్ ఉంటాయి, మీ తల దగ్గరే మేముంటాం.

హోస్ట్: ఎక్కేటప్పుడు ఎలా ఉంటుంది?

డాక్టర్: చేతి నరం వెంట చురుక్కుమని మంట. కంగారు పడక్కర్లేదు. సోయా నూనెలో కలిపి చేస్తారు కాబట్టి తెల్లగా ఉంటుంది. "పాలు ఎక్కిస్తున్నారా సార్?" అని ఒకాయన అడిగాడు. నేను జవాబు చెప్పేలోపే గురక!

హోస్ట్: మధ్యలో మెలకువ వస్తే?

డాక్టర్: ఒక్క డోసు పనిచేసేది పది నిమిషాల లోపే. అందుకే ఆపరేషన్ అయ్యేదాకా గ్యాస్‌తోనో పంపుతోనో మత్తు ఇస్తూనే ఉంటాం. నా భయమల్లా పేషెంట్లు దాచే విషయాలతోనే. కదిలే పన్ను, వేసుకునే మాత్రలు. రోజూ క్వార్టర్ వేసే మనిషి, భార్య పక్కనుంటే "అలవాటే లేదండీ" అంటాడు. ఆమెను బయటికి పంపి మళ్లీ అడుగుతా. ఇంట్లో ఎవరికైనా మత్తిచ్చాక ఒళ్లు విపరీతంగా వేడెక్కిపోయిందంటే, కొన్ని గ్యాసుల జోలికే పోము.

హోస్ట్: లేచాక?

డాక్టర్: బాగానే ఉన్నాననిపిస్తుంది. అయినా 24 గంటలు బండి తోలకూడదు, కాగితాల మీద సంతకాలు పెట్టకూడదు.

హోస్ట్: అయ్యో, ఆ సాయంత్రమే చీటీల ఆయన వార్డుకొచ్చి అమ్మ చేత సంతకం పెట్టించుకున్నాడండీ!

డాక్టర్: ఓసారి లెక్క చూసుకోమనండమ్మా.