బొరుగుల డబ్బాతో మొదలుపెడదాం: ఆటిజం ఉన్న చిన్నపిల్లలకు ఇంట్లోనే మాటల సాయం

నమస్తే అండి, అనంతపురం నుంచి మాట్లాడుతున్నా. మా చిన్నోడికి మూడేళ్ళు దాటాక ఆటిజం అని తేలింది. అంతకుముందు ఏడాదంతా మేం విన్నది ఒకటే, మగపిల్లలకు మాటలు లేటమ్మా, వాళ్ళ నాయనకూ నాలుగేళ్ళకు గానీ రాలేదు, వస అరగదీసి నాకించండి అని. నాకించాం కూడా. మొదట చూపించిన డాక్టరు కూడా కొన్నాళ్ళు ఆగి చూద్దాం అన్నారు. ఆ ఏడాది తల్చుకుంటే నాకు ఇప్పటికీ బాధే. మీకు అనుమానం వస్తే దయచేసి ఆగొద్దండి. ముందు చెవుల పరీక్ష చేయించండి, పిల్లల డాక్టరుకు చూపించండి, ఆ తిరుగుడు తిరుగుతూనే ఇంట్లో ఈరోజే మొదలుపెట్టగలిగింది ఒకటుంది, అది చూపిస్తా.

ఇదిగో ఈ డబ్బా. లోపల ఏముందో కనిపించాలి, మూత మాత్రం వాడికి రానంత బిగుతుగా ఉండాలి. ఇందులో బొరుగులు వేశా, ఎందుకంటే మావాడికి ప్రాణం. మన ఊళ్ళో ఇంటినిండా శనక్కాయలే ఉంటాయి గానీ అవి మాత్రం వద్దు, చిన్నపిల్లలకు గొంతుకు అడ్డం పడతాయి.

డబ్బా వాడి చేతికే ఇస్తా. లాగుతాడు, రాదు. ఇప్పుడు మనం చేయాల్సింది ఏమిటంటే, ఏమీ మాట్లాడకుండా వాడికి ఎదురుగా, వాడి ఎత్తుకు కూర్చుని మనసులో ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టడం. ఏం కావాలి నాన్నా, బొరుగులు అను, అంటేనే ఇస్తా, ఇవేవీ వద్దు. మొదటిరోజు నేను నాలుగు దాకా కూడా ఆగలేకపోయా. రెండోరోజు ఆగితే, ఏడో ఎనిమిదో అంకె దగ్గర డబ్బా తెచ్చి నా ఒళ్ళో పెట్టి, నా బొటనవేలు పట్టి మూత మీదికి లాగాడు. అది అడగడమే అండి! నోటితో కాదు, చేత్తో అడిగాడు. అంతే, వెంటనే "తియ్యి" అని ఒక్క మాట అని మూత తీసి, నాలుగు బొరుగులు ఇచ్చి మళ్ళీ మూసేశా. గుప్పెడు ఇస్తే ఆట అయిపోతుంది, నాలుగు ఇస్తే మళ్ళీ అడుగుతాడు. బాగా ఆకలి మీద ఉన్నప్పుడు, ఏడుపు మొదలైనప్పుడు మాత్రం ఈ ఆట ఆడొద్దు, తీసి ఇచ్చేయండి. నా కళ్ళలోకి చూడు అని గడ్డం పట్టి తిప్పడం కూడా వద్దు.

మనం రోజంతా పిల్లల్ని ప్రశ్నలతోనే చంపుతాం, ఇదేంటి, అదేంటి, మామకు టాటా చెప్పు అని. వాటిని సగానికి తగ్గించి, వాడు చూస్తున్నదాన్నే చిన్న మాటల్లో చెప్పండి. మగ్గుతో నీళ్ళు పోస్తుంటే "పోయ్... పోయ్... అయిపోయింది". మాటలు అసలు లేకపోతే మనం ఒక్క మాట, వాడికి ఒక్క మాట వస్తే మనం రెండు.

ఇంకొకటి, చాలామంది ఇక్కడే టెన్షన్ పడతారు. దాహమేసినప్పుడు మావాడు "నీళ్ళు కావాలా?" అంటాడు, అచ్చం నా గొంతుతో, ప్రశ్న లాగే. చిలక పలుకులు పలుకుతున్నాడని చుట్టాలు నవ్వేవాళ్ళు. కానీ నీళ్ళు వచ్చేముందు వాడు ఎప్పుడూ విన్న మాట అదే కదా, అందుకే ఆ మాటనే మొత్తంగా వాడుకుంటున్నాడు. ఆపొద్దు, తిట్టొద్దు. గ్లాసు ఇస్తూ వాడు అనాల్సినట్టు మనమే అనాలి, "నీళ్ళు కావాలి" అని. మాకు నెలలు పట్టింది ఆ "లా" పోయి "లి" రావడానికి, ఇప్పటికీ కొన్నిసార్లు పాతదే వస్తుంది.

మాటలు రాని పిల్లలకు కావాల్సినదాని ఫొటోనో బొమ్మనో చూపించి అడగడం కూడా నేర్పించొచ్చు. అలా అలవాటైతే ఇక మాటలు రావేమో అని భయపడతారు. అలా ఏమీ కాదు, అధ్యయనాలు కూడా బొమ్మలు మాటను ఆపవనే చెప్తున్నాయి. నెట్‌లో బొమ్మలకంటే వాడి గ్లాసునే, వాడి చెప్పులనే ఫోన్లో ఫొటో తీసి ప్రింట్ వేయించండి. ఇంగ్లీషులోనే మాట్లాడండి అని ఎవరైనా చెప్తే వినొద్దు, మీ ఇంట్లో తెలుగైతే తెలుగు, ఉర్దూ అయితే ఉర్దూ, కన్నడమైతే కన్నడ.

ప్రైవేట్ థెరపీకి డబ్బుల్లేవని ఆగేవాళ్ళకు ఒక మాట. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) అనే ప్రభుత్వ పథకం కింద అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లల్ని ఉచితంగా పరీక్ష చేస్తారు, అవసరమైతే డీఈఐసీకి, అంటే ఇలాంటి పిల్లలకు చిన్నప్పుడే సాయం చేసే జిల్లా కేంద్రానికి పంపుతారు. మీ అంగన్‌వాడీ టీచరమ్మనో, ఆశా వర్కర్‌నో అడగండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా ఉంది, కాబట్టి వైకల్య సర్టిఫికెట్ గురించి కూడా అక్కడే అడగండి.

డబ్బా సంగతి ఈ రాత్రికే ఇంట్లో అందరికీ చెప్పండి, ముఖ్యంగా జేజికి. మా అత్తమ్మ అయితే పిల్లోడు అటు చూస్తే చాలు, ప్రేమకొద్దీ మూత తీసి ఇచ్చేసేది. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఇద్దరం కలిసి పది లెక్కపెట్టాం. ఇప్పుడు వాడు ముందు ఆమె దగ్గరికే డబ్బా పట్టుకెళ్తాడు.