సెల్లార్‌లో చార్జర్, రోడ్డు మీద బస్సు

(మియాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ల సంక్షేమ సంఘం ఆదివారం సమావేశంలో, విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైన ఒక ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

సెల్లార్‌లో చార్జింగ్ పాయింట్లు పెట్టడం గురించి రెండు ముక్కలు చెప్పమని కార్యదర్శి గారు నన్ను పిలిచారు. ముప్పై ఏళ్లు కరెంటు డిపార్ట్‌మెంట్‌లో చేశాను, పైగా మన బ్లాకులో మొదటి ఎలక్ట్రిక్ కారు మాదే, అందుకని. ముందు ఆ రెండు ముక్కలు చెప్పేస్తాను. ఇంట్లో పెట్టుకునే పెద్ద చార్జరు 7 కిలోవాట్లు లాగుతుంది. రాత్రి తొమ్మిదింటికి పది కార్లు ఒకేసారి ప్లగ్ చేస్తే 70 కిలోవాట్లు. అదే టైముకి ఏసీలు కూడా మొదలవుతాయి. కాబట్టి శాంక్షన్డ్ లోడ్, అంటే డిపార్ట్‌మెంటు మన బిల్డింగుకు మంజూరు చేసిన కరెంటు పరిమితి, పెంచుకోకుండా, ఎవరి మీటర్ నుంచి వాళ్లు సొంతంగా వైరు లాక్కోవద్దు. కార్లకు వంతులు వేసుకుందాం. అంతే, అది అయిపోయింది.

ఇప్పుడు నేను చెప్పాలనుకున్నది చెప్తాను.

కారు బాగుంది. అబద్ధం ఎందుకు చెప్పాలి? చప్పుడు లేదు, పొగ లేదు. యూనిట్ తొమ్మిది రూపాయలు వేసుకున్నా కిలోమీటరుకు రూపాయిన్నర దాటదు. పాత పెట్రోలు కారుకు ఏడు రూపాయలయ్యేది. కానీ కారు ఇంటికొచ్చిన రోజు మా అబ్బాయి ఒక మాటన్నాడు. "నాన్నా, ఇక మనవల్ల పొల్యూషన్ లేదు." అక్కడ నాకు పేచీ.

కరెంటు ప్లగ్గులో పుట్టదు కదండీ. మన దేశంలో తయారయ్యే కరెంటులో నూటికి దాదాపు 70 వంతులు ఇప్పటికీ బొగ్గుదే. మా కారు రాత్రంతా సెల్లార్‌లో చార్జ్ అవుతుంటే, ఎక్కడో రామగుండంలోనో కొత్తగూడెంలోనో చిమ్నీ పొగ వదులుతుంటుంది. ఒక యూనిట్‌కు సగటున 700 గ్రాముల బొగ్గుపులుసు వాయువు అనుకోండి. మా కారు వంద కిలోమీటర్లకు 15 యూనిట్లు తాగుతుంది. అంటే కిలోమీటరుకు 105 గ్రాములు. లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే పెట్రోలు కారైతే 150 గ్రాముల పైమాటే. తగ్గింది, నిజమే. సున్నా మాత్రం కాలేదు. బ్యాటరీ తయారీలో ముందే బయటికొచ్చిన కొన్ని టన్నుల అప్పు ఇంకా ఈ లెక్కలో వేయలేదు. ఇంత బొగ్గున్న మన కరెంటుతో ఆ అప్పు తీరడానికి ఏళ్లు పడుతుంది.

ఇప్పుడు మన గేటు ముందు నుంచి పోయే మామూలు ఆర్డినరీ డీజిల్ బస్సును తీసుకోండి. ముక్కు మూసుకుంటాం కదా, అదే. లీటరుకు నాలుగున్నర, ఐదు కిలోమీటర్లిస్తుంది. కిలోమీటరుకు దాదాపు 600 గ్రాములు. అందులో నలభై మంది ఉంటే తలా 15 గ్రాములు. పది మందే ఉన్నా తలా 60. మా అబ్బాయి ఒక్కడే కార్లో కూర్చుని ఆఫీసుకెళ్తే 105. పొగ కక్కే డీజిల్ బస్సు, నిగనిగలాడే ఎలక్ట్రిక్ కారు కన్నా శుభ్రం! ఈ లెక్క ఇంట్లో చెప్పినందుకు రెండ్రోజులు నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు.

న్యాయంగా ఇంకోటి కూడా చెప్పాలి. మేం నలుగురం కలిసి కార్లో వెళ్తే తలా 26 గ్రాములే. ఖాళీగా తిరిగే బస్సు కన్నా అది నయం. అలాగే, ఈ రోజు ఉన్న బొగ్గు కరెంటుతో ఎలక్ట్రిక్ బస్సు కూడా వాతావరణానికి అద్భుతమేమీ చేయదు. వీధిలో పొగ పోతుంది, స్టాపులో నిలబడ్డవాళ్లకు ఊపిరాడుతుంది. అది చిన్న విషయం కాదు. సోలార్ పెరిగేకొద్దీ మిగతా లాభమూ వస్తుంది. తిరుమల ఘాట్ రోడ్డు మీద 2022 నుంచి ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి, చూసే ఉంటారు. కొండ దిగేటప్పుడు బ్రేకు వేస్తే ఆ శక్తి మళ్లీ బ్యాటరీలోకే పోతుంది. ఒక ఇంజనీరుకు అంతకన్నా ముచ్చటైన రోడ్డు ఉండదు.

ఇక పొగ కన్నా పెద్ద గొడవ ఒకటుంది, జాగా. ముప్పై కార్లలో నలభై మంది వెళ్తున్నారనుకోండి, మన హైటెక్ సిటీ వైపు పొద్దున కనిపించేది సరిగ్గా అదే. సిగ్నల్ దగ్గర ఆ ముప్పై కార్లు ఒకదాని వెనక ఒకటి ఆగితే రెండు వందల మీటర్లు. ఆ నలభై మందీ ఒక బస్సులో ఉంటే 12 మీటర్లు. మూడు బోగీల మెట్రో రైల్లో వెయ్యి మంది దాకా పడతారు. పెట్రోలు కారు తీసేసి ఎలక్ట్రిక్ కారు పెట్టినంత మాత్రాన ట్రాఫిక్ జామ్ పొడవు ఒక్క అడుగు కూడా తగ్గదు. పొగలేని ట్రాఫిక్ జామ్ అవుతుంది, అంతే.

ఇది నార్వే వాళ్లకు అనుభవమైంది. ఎలక్ట్రిక్ కార్లకు పన్నులు మాఫీ చేసి, బస్సుల లేన్‌లో కూడా వెళ్లనిచ్చారు. జనం ఎగబడి కొన్నారు. కొన్నాళ్లకు ఓస్లోకి వచ్చే దారుల్లో బస్సుల లేన్‌లో బస్సులకే చోటు లేకుండా పోయింది. చివరికి రద్దీ వేళల్లో పక్కన ఇంకో మనిషి ఉంటేనే ఆ లేన్‌లోకి రావాలని 2015లో కొన్నిచోట్ల షరతు పెట్టారు. ఇప్పుడు అక్కడ అమ్ముడయ్యే కొత్త కార్లు దాదాపు అన్నీ ఎలక్ట్రిక్‌వే. అక్కడ కరెంటు జలవిద్యుత్తు కాబట్టి పొగ సంగతి వాళ్లకు తీరింది. జాగా సంగతి తీరలేదు.

మన దగ్గర ఏం జరిగిందో చూడండి. 2024 నవంబరులో మన రాష్ట్రం ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేసింది, 2026 డిసెంబరు దాకా. పదిహేను లక్షల పెట్రోలు కారుకు రోడ్డు ట్యాక్సే రెండున్నర లక్షలవుతుంది. ఆ రెండున్నర లక్షలూ మా ఇంటికి మిగిలాయి. వద్దనలేదు, తీసుకున్నాం. తర్వాతి ఏడాది, 2025 అక్టోబరులో, హైదరాబాద్ సిటీ బస్సుల్లో టికెట్ పెరిగింది. మొదటి మూడు స్టేజీల దాకా 5 రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి 10 రూపాయలు. ఎందుకూ అంటే, ఎలక్ట్రిక్ బస్సుల కోసం డిపోల్లో ఏర్పాట్లకట. అంటే కారు కొనగలిగిన మాకు మాఫీ, బస్సెక్కే వాచ్‌మన్ యాదయ్యకు వడ్డింపు. ఆడవాళ్లకు 2023 డిసెంబరు నుంచి బస్సు ఉచితం కాబట్టి ఆ ఇంట్లో భార్య ప్రయాణం ఖర్చు తప్పింది, లేకపోతే ఇద్దరి మీదా పడేది. ఉచిత బస్సు మీద మన వాట్సాప్ గ్రూపులో ఎన్ని జోకులు వేసుకున్నామో గుర్తుందా? రెండున్నర లక్షల మాఫీ మీద ఒక్క జోకూ రాలేదు.

కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ అని 10,900 కోట్ల పథకం పెట్టింది. అందులో సొంత కార్లకు రాయితీ పెట్టలేదు, బస్సులకు, టూవీలర్లకు, ఆటోలకు పెట్టారు. హైదరాబాద్‌కు 2,000 బస్సులు కేటాయించారు. ఆ తీరు నాకు నచ్చింది. 2019 ఆర్టీసీ సమ్మె తర్వాత ఈ నగరంలో వందల బస్సులు తగ్గాయి, ఊరేమో అప్పటి నుంచి ఎంత పెరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు.

మరి నీ కొడుకెందుకు బస్సులో వెళ్లడు అని మీరు అడగొచ్చు. అడగండి, నేనూ అడిగాను. వాడి ఆఫీసు రాయదుర్గం దగ్గర. కొండాపూర్ మీదుగా పోతే పట్టుమని పన్నెండు కిలోమీటర్లు. మెట్రోలో అయితే మియాపూర్ నుంచి అమీర్‌పేట దాకా వెళ్లి, అక్కడ రైలు మారి, మళ్లీ వెనక్కి రాయదుర్గం రావాలి. ముక్కేదంటే తల చుట్టూ చేయి తిప్పి చూపించడమే. బస్సుందిగా అంటే, ఇంటి నుంచి స్టాపు దాకా ఫుట్‌పాత్ లేదు. ఉన్నచోట బండ్లు పార్క్ చేసి ఉంటాయి, వాటిలో మన అపార్ట్‌మెంట్ బండ్లు కూడా ఉన్నాయి. స్టాపులో నీడ లేదు. గమ్యం యాప్‌లో బస్సు ఎక్కడుందో కనిపిస్తుంది, కానీ దాని కోసం ఎండలో నిలబడాలి కదా. నా మోకాళ్లతో రోడ్డు దాటడమే పెద్ద యజ్ఞం. వాణ్ని నేను తప్పు పట్టలేను.

అందుకని సంఘానికి నాదొక విన్నపం. చార్జింగ్ పాయింట్ల ఫండ్ కోసం ఫ్లాటుకింత అని వసూలు చేస్తున్నాం కదా. అదే లెటర్‌హెడ్ మీద రెండో అర్జీ కూడా రాద్దాం. మన గేటు నుంచి స్టాపు దాకా ఫుట్‌పాత్, స్టాపుకు పైకప్పు, పొద్దున ఎనిమిది నుంచి పది దాకా గచ్చిబౌలి వైపు ఇంకొన్ని బస్సులు. ఫుట్‌పాత్ మీద పెట్టిన మన బండ్లను ఆ అర్జీ ఇవ్వకముందే తీసేయాలి. లేకపోతే చూడ్డానికి వచ్చినవాళ్ల ముందు నవ్వులపాలవుతాం. అర్జీ చిత్తుప్రతి రాసుకొచ్చాను, సంతకాలకు పెన్ను కూడా ఉంది.

సెల్లార్ వైరింగ్ గురించి సందేహాలున్నవాళ్లు టీ తాగి కిందికి రండి, ప్యానెల్ బోర్డు తెరిచి చూపిస్తాను.