టీకింటర్‌లో మౌస్ ఎక్కడుందో కనుక్కోవడం: తిరుపతి మ్యాప్‌తో

అందరికీ నమస్కారం. స్క్రీన్ మీద కనబడుతోంది కదా, మన తిరుపతి మ్యాప్. మౌస్ ఎక్కడ పెడితే అక్కడి ఎక్స్, వై ఈ కింది లేబుల్‌లో రావాలి. పైథాన్, దానిలో విండోలు తయారుచేసే లైబ్రరీ టీకింటర్ చాలు. విండోస్‌లో పైథాన్‌తో పాటే టీకింటర్ కూడా వస్తుంది.

ఇంపోర్ట్, రూట్ అంటే మెయిన్ విండో, బొమ్మ పెట్టే క్యాన్వాస్, దానిమీద మ్యాప్, కింద లేబుల్... మీకు తెలిసినవే, గబగబా కొట్టేస్తున్నాను. మ్యాప్ పీఎన్‌జీలో పెట్టుకోండి, జేపీజీ అయితే పిల్లో అనే ఇంకో లైబ్రరీ కావాలి.

ఇప్పుడు రూట్ డాట్ బైండ్, అంటే ఏది జరిగితే ఏ ఫంక్షన్ నడవాలో చెప్పడం. మోషన్ ఈవెంట్, అంటే మౌస్ కదలడం, ఎం పెద్దక్షరం. ఫంక్షన్‌లో ఈవెంట్ డాట్ ఎక్స్, ఈవెంట్ డాట్ వై. అంతే. ఎఫ్5 కొడదాం. చిన్న ప్రోగ్రాములకి నాకు పైథాన్‌తో వచ్చే ఎడిటర్ ఐడిల్ అంటేనే ఇష్టం, వెంటనే తెరుచుకుంటుంది.

ఇదిగో, అలిపిరి. ఇక్కడి నుంచి రైల్వే స్టేషన్ వైపు కిందికి వస్తున్నాను... వై పెరుగుతోంది చూడండి. స్కూల్ గ్రాఫ్‌లో పైకి పోతే పెరుగుతుంది, ఇక్కడ కిందికి వస్తే పెరుగుతుంది. సున్నా, సున్నా అంటే పైన ఎడమ మూల.

ఇప్పుడు జాగ్రత్తగా చూడండి. మౌస్‌ని మ్యాప్ దాటించి లేబుల్ మీదికి తెస్తున్నాను... వై టక్కున పడిపోయింది! మళ్లీ చేస్తాను. మ్యాప్... లేబుల్... పడిపోయింది. బైండ్ చేసింది రూట్‌కే అయినా, లోపలి విడ్జెట్ల మీద, అంటే క్యాన్వాస్, లేబుల్ లాంటివాటి మీద మౌస్ కదిలినా ఇదే ఫంక్షన్ నడుస్తుంది. కానీ ఎక్స్, వై మాత్రం మౌస్ ఏ విడ్జెట్ మీద ఉంటే దాని మూల నుంచి లెక్క. లేబుల్ మీద ఉంటే లేబుల్ మూల నుంచి. ఇది తెలియకపోతే కోడ్ అంతా వెతికినా తప్పు దొరకదు, ఎందుకంటే కోడ్‌లో తప్పు లేదు.

మ్యాప్ వరకే కావాలంటే బైండ్‌ని క్యాన్వాస్‌కి పెట్టండి. విండో మొత్తానికి కావాలంటే ఈవెంట్ డాట్ ఎక్స్ అండర్‌స్కోర్ రూట్ తీసుకోండి. అది మొత్తం స్క్రీన్ లెక్క. అందులోంచి రూట్ డాట్ విన్ఫో అండర్‌స్కోర్ రూటెక్స్ తీసేయండి, రూటెక్స్ కలిపి రాయాలి. వై కూడా అంతే. రన్... మ్యాప్... లేబుల్... ఇప్పుడు వరసగా పెరుగుతోంది, చూశారా!

మ్యాప్‌కి స్క్రోల్‌బార్ పెడితే మాత్రం బైండ్ క్యాన్వాస్‌కే ఉంచి, ఈవెంట్ ఎక్స్‌ని క్యాన్వాస్ డాట్ క్యాన్వాసెక్స్ ఫంక్షన్‌లో వేసి తీసుకోండి. లేకపోతే జరిపిన ప్రతిసారీ అలిపిరి చోటు మారిపోతుంది.

విండో బయటికి పోతే మోషన్ రాదు. అక్కడ కూడా కావాలంటే మౌస్ స్క్రీన్ మీద ఎక్కడుందో చెప్పే విన్ఫో అండర్‌స్కోర్ పాయింటర్‌ఎక్స్‌వై వాడి, కొంతసేపటికి ఫంక్షన్‌ని నడిపే ఆఫ్టర్‌తో 50 మిల్లీసెకండ్లకోసారి అడగండి. ఇదిగో టాస్క్‌బార్ మీద ఉన్నాను, అంకెలు వస్తూనే ఉన్నాయి.