చెట్లకు గూడా సెలవలిచ్చినారా, సార్?

ప్రిన్సిపాల్ గారికి, తోటి అధ్యాపకులకు, భోజనం చేసొచ్చి నిద్ర ఆపుకుంటూ కూర్చున్న పిల్లలకు నమస్కారం.

పరిచయంలో నన్ను సేంద్రియ వ్యవసాయ నిపుణుడన్నారు. అంత లేదు. అనంతపురం జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో బాటనీ చెప్పి రిటైరయ్యాను. పిల్లలతో కలిసి మూడుసార్లు కాలేజీ ఆవరణలో కూరగాయల తోట మొదలుపెట్టాను. రెండుసార్లు పాడుచేశాను. మూడోది నిలిచింది. కూరగాయలు పండించడం మీ అమ్మానాన్నల్లో సగం మందికి నాకంటే బాగా తెలుసు. కాలేజీలో పండించడంలో ఉండే తిరకాసు మాత్రం వాళ్లకు తెలియదు. దాని గురించే చెబుతాను.

మొదటి తోట ఏ తెగులుకూ చావలేదు. మే నెలకు చచ్చింది. పరీక్షలైపోయాయి, పిల్లలు పెట్టెలు సర్దుకుని ఊళ్లకు పోయారు, నేను పేపర్లు దిద్దడానికి పోయాను. జూన్‌లో వచ్చి చూస్తే వంగ మొక్కలు పుల్లలై నిలబడి ఉన్నాయి. వాచ్‌మన్ పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, "చెట్లకు గూడా సెలవలిచ్చినారా సార్?" అన్నాడు. మోటారు గదికి తాళం. తాళంచెవి ఆఫీసు బీరువాలో. ఆఫీసుకు సెలవు. ఆయన మాత్రం ఏం చేస్తాడు?

రెండోది చోటు చూసుకోక పోయింది. కొత్త బ్లాకు వెనకాల ఖాళీగా ఉందని అక్కడ బెండ వేశాం. పార దిగినప్పుడల్లా ఖంగుమంటూనే ఉంది, అయినా పట్టించుకోలేదు. నెల తిరిగేసరికి లేతాకులు పసుపెక్కాయి. పల్లాకు తెగులే అనుకున్నాను. ఆ తెగులును మోసుకొచ్చే తెల్లదోమ కోసం జిగురు పూసిన పసుపు అట్టలు కట్టించాను, పిల్లల చేత వేపకషాయం కొట్టించాను. రెండు వారాలు పోయాక ఒక అమ్మాయి ఆకు తెచ్చి నా బల్ల మీద పెట్టి, "సార్, మీరు క్లాసులో పల్లాకు తెగులుకు ఈనెలు పసుపవుతాయన్నారు కదా, దీనికి ఈనెలు పచ్చగానే ఉన్నాయేంటి?" అంది. ఈనెలు ఆకుపచ్చగా, మధ్య భాగం పసుపుగా ఉంటే అది ఇనుము లోపం. బిల్డింగు కట్టినప్పుడు పారబోసిన సిమెంటు, సున్నం మట్టిలో కలిసి క్షారం పెరిగింది. మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందలేదు. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాడికి ఆకు చూపించి పాఠం చెప్పాల్సి వచ్చింది!

అందుకని ముందు భూసార పరీక్ష చేయించండి. ఎనిమిది పది చోట్ల పైచెత్త తీసేసి, 'వి' ఆకారంలో జానెడు లోతు గుంట తీసి, గుంట పక్క నుంచి మట్టి గీకి అంతా కలపండి. నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలోకు తెచ్చి ల్యాబుకు పంపండి. మీరు పోయబోయే బోరు నీళ్లు కూడా ఒక సీసాలో పంపండి. ఫిల్టర్ ప్లాంటు నుంచి వృథాగా పోయే నీళ్లు తోటకు మళ్లిద్దామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. వద్దు. వడకట్టగా మిగిలిన ఉప్పంతా అందులోనే ఉంటుంది.

ఎరువు సంగతికొస్తే, కాలేజీ అంత ధనవంతుడు ఊళ్లో ఉండడు. వేప, కానుగ, నిద్రగన్నేరు ఆకులు రాల్చే రోజుల్లో పొద్దున్నే గేటు దగ్గర పొగ వస్తుంటుంది చూడండి. ఊడ్చి తగలబెడుతుంటారు. ఆ కుప్పను ఆపించండి. ఉత్త ఎండాకులైతే ఏళ్లకేళ్లు అలాగే పడి ఉంటాయి. వాటిలో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. హాస్టల్ వంటింటి కూరగాయ తొక్కలు, పచ్చిగడ్డి, పేడ పొరలు పొరలుగా కలిపి తడిపితే లోపల వేడి పుట్టి చివుకుతుంది. చెయ్యి పెట్టి చూడండి, పెట్టి ఉంచలేరు. ఆల్బర్ట్ హోవార్డ్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1924 నుంచి 1931 దాకా ఇండోరులో పనిచేసి, మన రైతుల పద్ధతులు కూడా చూసి, కంపోస్టు తయారీకి ఒక క్రమం ఏర్పరిచాడు. ప్రపంచం దాన్ని ఇండోర్ పద్ధతి అంటుంది. మనం మాత్రం అగ్గిపుల్ల గీస్తున్నాం.

ఆవు పేడ, ఆవు మూత్రం పులియబెట్టి మట్టికి పోసే జీవామృతం దగ్గర మావాళ్లు చేసిన ఘనకార్యం చెప్పాలి. పది కిలోల పేడ, పది లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుపిండి, గుప్పెడు మట్టి, 200 లీటర్ల నీళ్లు అని విన్నారు. విన్నట్టే డ్రమ్ము నింపారు. ఆ కొలత ఎకరానికి! మా తోట మూడు సెంట్లు. ఎకరానికి వంద సెంట్లు కాబట్టి సెంటుకు రెండు లీటర్లు, మాకు కావలసింది ఆరు. మిగిలిన 194 లీటర్లు వారం దాటి, ఎండకు కుళ్లి, ప్రిన్సిపాల్ గారి కిటికీ దాకా వెళ్లాయి. లెక్కల డిపార్ట్‌మెంటు వాళ్లు ఆ ఏడంతా మమ్మల్ని వదల్లేదు. మీరు అయిదు సెంట్లు వేస్తే పది లీటర్ల బకెట్టు చాలు: అరకిలో పేడ, అరలీటరు మూత్రం, బెల్లం, పిండి వంద గ్రాముల చొప్పున. నీడలో రెండు రోజులు ఉంచి, పొద్దునా సాయంత్రం కర్రతో తిప్పండి. వారంలోపు వాడేయండి.

పురుగు కనపడగానే మందు కలపకండి. అలసంద తీగ కొసన నల్లగా పేనుబంక పట్టినప్పుడు దగ్గరకెళ్లి చూడండి. చీమలు బారులు తీరి ఉంటాయి. వాటి మధ్యలో మొసలి పిల్లను అరంగుళానికి కుదించినట్టు, నల్లటి ఒంటి మీద నారింజ మచ్చలతో ఒకటి పాకుతుంటుంది. చాలామంది ముందు దాన్నే నలిపేస్తారు. అది అక్షింతల పురుగు పిల్ల. పేనుబంకను ఒక్కొక్కటే నమిలేస్తుంది. నాలుగు రోజులు ఓపిక పడితే మీ పని అది చేస్తుంది.

ఇక మళ్లీ సెలవల దగ్గరికి. విత్తనాలు కొనేముందు అకడమిక్ క్యాలెండరు ముందేసుకోండి. మృగశిర కార్తె, కాలేజీ తెరిచే రోజులు దాదాపు ఒకటే, అది మన అదృష్టం. మొదట తోటకూర, మెంతి వేయండి, నెలలోపు కోతకొస్తాయి. అంతకంటే ఆలస్యమైతే పిల్లలు సెల్‌ఫోన్లకు వెళ్లిపోతారు. ఆ వెనకే బెండ, గోరుచిక్కుడు. పరీక్షల నెలలో కోత తప్ప వేరే పని పెట్టుకోకండి. మొండి చెట్లు మునగ, కరివేపాకు గట్టు మీద ఉండనీయండి.

నిలిచిన ఆ మూడో తోటలో మేం ఏప్రిల్‌లో మళ్లు ఖాళీ చేసి, మూడు సెంట్లూ ఆకుచెత్తతో కప్పి వెళ్లేవాళ్లం. తర్వాత ఇంకో ఉపాయం తెలిసింది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయం చేసే రైతులు వానలకు ముందే, పొడి నేలలోనే, నవధాన్యాలకు బంకమట్టి, బూడిద, ఘనజీవామృతం (జీవామృతంలాంటిదే, పొడిగా చేసింది) పట్టించి చల్లి, పైన చెత్త కప్పుతారు. తొలకరి పడ్డప్పుడు మొలుస్తాయి. మేమూ అలా చల్లి ఊళ్లకు పోయాం. జూన్‌లో గేటు తీసేసరికి పచ్చగా ఉంది. వాచ్‌మన్ పెద్దాయన ఈసారి ఏమీ అనలేదు, అలసంద ఆకు ఒకటి తుంచి జేబులో పెట్టుకున్నాడు. మోటారు గది తాళంచెవి అప్పటికి ఆయన మొలతాడుకే ఉంది. ప్రిన్సిపాల్ గారి సంతకంతో కాగితం రాయించి మరీ ఇప్పించాం.

కాలేజీలకు గ్రేడు వేసే నాక్ బృందం వచ్చే ముందు వారం కుండీలు అద్దెకు తెచ్చి పేర్చే తోటల గురించి నేను మాట్లాడను. ఇక్కడ అందరం ఉద్యోగస్తులమే.

ఎండ కాస్త తగ్గినట్టుంది. మీరు అనుకున్న స్థలం క్యాంటీన్ పక్కనే అన్నారు కదా. ఒక పార, ఒక గునపం తెప్పించండి. ఖంగుమంటుందో లేదో చూద్దాం, పదండి.