నడిసంద్రంలో నిప్పు, జ్వాలాపురంలో బూడిద
(బనగానపల్లెలో విద్యార్థులకు, ఉపాధ్యాయులకు చేసిన ప్రసంగం)

పిల్లలకు, ఉపాధ్యాయులకు నమస్కారం.

అగ్నిపర్వతం అనగానే మీకు జపాన్, ఇటలీ, హవాయి గుర్తుకొస్తాయి. ఈ రోజు నేను చెప్పబోయేది మన దేశ పటంలోనే ఉంది. నిన్నమొన్నటి దాకా పోర్ట్ బ్లెయిర్ అని పిలిచిన శ్రీ విజయపురానికి ఈశాన్యంగా, దాదాపు 140 కిలోమీటర్ల దూరంలో బ్యారెన్ దీవి ఉంది. భారతదేశంలో నేటికీ నిప్పు కక్కుతున్న అగ్నిపర్వతం అదొక్కటే.

దీవి వెడల్పు 3 కిలోమీటర్లు, ఎత్తు సుమారు 350 మీటర్లు. చూడడానికి చిన్న గుట్ట. కానీ పైకి కనిపించేది కొన మాత్రమే. కొండ మొదలు సముద్రపు అడుగున, 2 కిలోమీటర్లకు పైగా లోతులో ఉంది. ఆకారం తెలియాలంటే మట్టిపొయ్యిని తలచుకోండి. మూడు వైపులా గోడ, ఒక వైపు కట్టెలు పెట్టే సందు. బ్యారెన్ గోడకు ఆ సందు పడమటి దిక్కున, సముద్రం వైపు ఉంది. నడుమ బూడిద, రాళ్లు పోగుపడి పెరిగిన శంకువు. పొగ వచ్చేది అక్కడి నుంచే.

దాని మంటను 1787లో మొదటిసారి ఓడల మీది వాళ్లు చూసి రాసిపెట్టారు. పందొమ్మిదో శతాబ్దపు తొలినాళ్ల దాకా అది రగులుతూనే ఉంది. తర్వాత ఒకటిన్నర శతాబ్దానికి పైగా దాదాపు నిశ్శబ్దం. 1991లో మళ్లీ బద్దలై, నెలల తరబడి లావా సముద్రంలోకి పారింది. 2017 జనవరిలో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు ఆ దరిదాపుల్లో సముద్రపు అడుగు మట్టి సేకరిస్తున్నారు. పగలు వాళ్లకు కనిపించింది బూడిద మేఘమే. పొద్దు గూకాక చూస్తే ఎర్రటి లావా చిమ్ముతోంది!

ఇంతకీ ఆ నిప్పు ఎక్కడిది? దయచేసి ఇక్కడ శ్రద్ధగా వినండి, చాలామంది పొరబడేది ఇక్కడే. మనం నిలబడ్డ ఈ నేల, బంగాళాఖాతపు అడుగు, రెండూ ఒకే ఫలకం, అంటే భూమి పైపొరలోని ఒకే పెద్ద రాతి పలక. అది ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున జరుగుతూ అండమాన్ కిందికి దూరుతోంది. అలా దూరిన ఫలకమే కరిగి లావా అవుతుందని అనుకుంటాం. నిజానికి అది తనతో పాటు నీటిని మోసుకెళుతుంది. లోతుకు పోయేకొద్దీ ఒత్తిడికి, వేడికి ఆ నీరు విడివడి, పైనున్న వేడి రాతిలోకి చేరుతుంది. కంసాలి మూసలో వెలిగారం వేయడం చూశారు కదా? భూగర్భంలో వెలిగారం పని నీటిది. అది తగిలితే రాయి తక్కువ వేడికే కరుగుతుంది. అంటే, అక్కడి పొయ్యికి కట్టెలు అందిస్తున్నది మన నేలే.

ఆ ఫలకం ప్రశాంతంగా జరగదు. 2004 డిసెంబరు 26న ఒక్కసారిగా జారింది. సునామీలో మన కోస్తాలోనూ వందమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత ఐదు నెలలకు, 2005 మే నెలలో, బ్యారెన్ మళ్లీ రాజుకుంది.

బ్యారెన్ అంటే ఏమీ మొలవని బీడు. కానీ అక్కడ పావురాలున్నాయి, గబ్బిలాలున్నాయి, ఎప్పుడో ఓడవాళ్లు వదిలిన మేకల సంతతి ఉంది. లావా కప్పేసిన తీరంలోనూ నీటి అడుగున పగడాలు మళ్లీ పెరిగాయి. ఆ పేరు దానికి తగదని నా అభిప్రాయం.

ఇక మన ఊరి సంగతి. బ్యారెన్ ఉన్న అగ్నిపర్వతాల వరుసే దక్షిణాన సుమత్రా దాకా సాగుతుంది. అక్కడి టోబా సుమారు 74,000 ఏళ్ల కిందట పేలింది. ఆ బూడిద రెండున్నర వేల కిలోమీటర్లు దాటి వచ్చి, ఇక్కడికి దగ్గర్లోని జ్వాలాపురంలో పడింది. ఆ పొర కిందా, పైనా కూడా మనుషులు చెక్కిన రాతి పనిముట్లు దొరికాయి. పురావస్తు శాస్త్రవేత్తలు రవి కొరిశెట్టర్, మైఖేల్ పెట్రాగ్లియా బృందం 2007లో ఆ వివరాలు ప్రచురించింది. ప్రపంచమంతా చర్చించిన ఆ బూడిదను మనవాళ్లు తవ్వి అమ్ముకున్నారు. నాకు తీరని బాధ అదే.

మిగిలి ఉన్న పొరను మీరు కళ్లారా చూడాలి. ఉపాధ్యాయులు ఒప్పుకుంటే ఈ ఆదివారమే పొద్దున్నే బయలుదేరుదాం. చిటికెడు బూడిదను సూక్ష్మదర్శిని కింద చూపిస్తాను. పగిలిన గాజు పెంకుల్లా మెరుస్తుంది. పారలు, గునపాలు మాత్రం తీసుకురావద్దు.