ఒక్క ఫొటోలో నీళ్లు ఎట్లా కదిలాయి?

[స్క్రీన్: గండికోట ఫొటో. కింద సగంలో అలలు కదులుతున్న ప్రతిబింబం]

నమస్తే. స్క్రీన్ మీద ఉండేది మన గండికోట. పైన కొండ, కింద పెన్నేరు. పాతకాలం వెబ్ పేజీల్లో ఇట్లాంటి బొమ్మలు బాగా ఉండేవి. వాటి మాట ఎత్తితే చాలు, "ఓ, ఆ జిఫ్ బొమ్మలా" అంటారు. జిఫ్ అంటే కొన్ని బొమ్మలను (ఫ్రేములను) వరసగా తిప్పి చూపించే ఫైలు. జిఫ్ కాదు, వీడియో కూడా కాదు. ఆ మాట వింటే నాకు ఊరుకోబుద్ధి కాదు, అందుకే ఈ వీడియో.

నేను తీసిన అసలు ఫొటో ఇది.

[స్క్రీన్: పై సగం మాత్రమే]

చూడండి, ఇందులో నీళ్లే లేవు. కోట పైనుంచి ఎదుటి కొండను మాత్రం తీశాను. కింద కదిలే పెన్నేరంతా లెక్కే. ఆ లెక్క చేసేది జావా యాప్లెట్ అనే చిన్న ప్రోగ్రాం. సన్ మైక్రోసిస్టమ్స్ 1995లో జావాను బయటికి తెచ్చింది, 1996లో నెట్‌స్కేప్ 2.0 బ్రౌజర్ లోపలే అది నడిచింది. ఈ నీళ్ల ఎఫెక్ట్‌లో అందరికీ తెలిసింది డేవిడ్ గ్రిఫిత్స్ రాసిన 'లేక్' యాప్లెట్.

జిఫ్ ఎందుకు చాలదో ఒక్క లెక్క చెప్తా. ఒక్కో ఫ్రేము 30 కేబీ అనుకుందాం. 12 ఫ్రేములకు 360 కేబీ. అప్పటి ఫోన్ లైన్ ఇంటర్నెట్‌కు వాడే 28.8 కేబీపీఎస్ మోడెమ్ మీద, లైన్ ఎక్కడా తగ్గకుండా వచ్చినా 100 సెకన్లు. పైగా ఫ్రేముకు 256 రంగులే. యాప్లెట్‌కైతే ఒక్క ఫొటో, కొన్ని కేబీల ప్రోగ్రాం దిగితే చాలు. అలలు పుట్టేది మీ కంప్యూటర్‌లోనే. వైరు మీద ఒక్క నీటి చుక్క కూడా రాలేదు!

ఇప్పుడు అసలు విషయం. కడప బండలు ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి పేర్చిన దొంతి ఊహించుకోండి. గండికోట లోయ గోడ కూడా చూడ్డానికి అట్లే ఉంటుంది. ఫొటోను అడ్డంగా, ఒక్కో పిక్సెల్ మందాన కోయండి. 200 పిక్సెళ్ల ఎత్తుంటే 200 బండలు. ఆ దొంతిని తలకిందులు చేసి అసలు ఫొటో కింద పెడితే ప్రతిబింబం వచ్చేసింది. కాకపోతే అది అద్దం మాదిరి నిశ్చలంగా ఉంటుంది.

కదిలించడం ఎట్లా? 50వ బండ ఉండాల్సిన చోట 52వది పెట్టండి. 60వ దాని చోట 57వది. ఒకే బండ రెండు చోట్ల రావచ్చు, ఇంకోటి అసలు రాకనే పోవచ్చు. రాళ్లతో ఇది కుదరదు, పిక్సెళ్లకు అడ్డేముంది? ఎన్ని బండలు అవతలిది తెచ్చుకోవాలో చెప్పేది సైన్. ఇంటర్‌లో బట్టీ పట్టినామే, అదే సైన్. పైకి పోతుంది, కిందికి వస్తుంది, మళ్లీ మొదలైన చోటికే చేరుతుంది.

ఇక్కడే గ్రిఫిత్స్ పనితనం. అన్ని బండలకూ ఒకే అల ఇస్తే రేకుల షెడ్డు పైకప్పు మాదిరి కనపడేది, నీళ్లనిపించేది కాదు. ఆయన సైన్ లోపలి లెక్కను, ఒడ్డు గీత (ఫొటో, ప్రతిబింబం కలిసే చోటు) నుంచి కిందికి లెక్కపెట్టిన బండ నంబరుతో భాగించాడు. దాంతో ఒడ్డు గీత దగ్గర, అంటే మనకు దూరంగా ఉండే చోట, అలలు సన్నగా, దగ్గర దగ్గరగా వస్తాయి. కిందికి వచ్చేకొద్దీ వెడల్పవుతాయి, ఊపు కూడా పెరుగుతుంది. నిజం చెరువు గట్టున నిలబడితే కంటికి కనపడేది అదే కదా. ఒక్క భాగహారంతో చదునైన ఫొటోకు లోతు తెచ్చాడు. ఇంత తక్కువ కోడ్‌తో ఇంత అందమైన పని నేను ఇంకెక్కడా చూడలేదు.

[స్క్రీన్: 12 ఫ్రేములు పక్కపక్కన]

నా డెమోలో ఒక చుట్టుకు 12 దొంతులు. ముందే పేర్చి దాచుకుని వరసగా చూపిస్తే సరి. సైన్ చుట్టు తిరిగి వస్తుంది కాబట్టి 12 తర్వాత 1 వచ్చినా అతుకు కనపడదు.

టైం అయిపోతాంది, మిగతాది గబగబా చెప్తా. ఇట్లాంటిదే మంట ఎఫెక్ట్: అట్టడుగు వరుసలో ఇష్టమొచ్చిన అంకెలు (వేడి అనుకోండి) చల్లాలి, పై పిక్సెల్‌కు కింది వాటి సగటులో కొంచెం తగ్గించి ఇవ్వాలి, నలుపు నుంచి ఎరుపు, పసుపు, తెలుపు దాకా రంగులు కట్టాలి. బొమ్మ మినుకుమినుకుమనే గొడవ: ప్రతిసారీ వెనక రంగు తుడిచి మళ్లీ గీయడం వల్ల. బొమ్మను చాటుగా మెమరీలో పూర్తి చేసి ఒకేసారి తెర మీద పెడితే పోతుంది.

యాప్లెట్లు ఎందుకు పోయాయంటే, ముఖ్యంగా భద్రత. బ్రౌజర్‌లో యాప్లెట్లను నడిపే జావా ప్లగిన్‌లో లొసుగులు ఒకదాని వెనక ఒకటి బయటపడ్డాయి. క్రోమ్ 2015లో, ఫైర్‌ఫాక్స్ 2017లో తలుపు మూశాయి. 2018లో వచ్చిన జావా 11లో ప్లగిన్నే లేదు. మూయడం సరైన పనే అంటాను.

ఇప్పుడు చేయాలంటే బ్రౌజర్‌లోనే బొమ్మలు గీసుకునే చోటు, కాన్వాస్ చాలు. అందులోని డ్రాఇమేజ్ అనే ఆదేశంతో ఒక పిక్సెల్ ఎత్తు వరుసను తీసి ఇంకో చోట పెట్టొచ్చు, బండను ఎత్తి పెట్టడమే. నా కోడ్ డిస్క్రిప్షన్‌లో ఉంది. ఫొటో ఎంచుకునేటప్పుడు ఒక్కటి చూసుకోండి: కింది అంచే ఒడ్డు గీత అవుతుంది. కర్నూలు కొండారెడ్డి బురుజు ఫొటో పెట్టేవాళ్లు ముందు రోడ్డును కత్తిరించండి, లేకుంటే ఆటోలు కూడా నీళ్లలో ఊగుతాయి.