సంగటి ముద్దను ఫోన్‌లో ఎలా లెక్కపెట్టాలి?

(స్క్రీన్ మీద: వంటింటి గట్టు, చిన్న త్రాసు, దానిమీద పొగలు కక్కే సంగటి ముద్ద)

నమస్తే. తినేదీ నడిచేదీ ఫోన్‌లో రాసుకుందామని మొదలుపెట్టి, వారం తిరక్కుండానే వదిలేసేవాళ్లు మన అనంతపురంలో చాలామందే ఉంటారు. వాళ్లది బద్ధకం అని నేననను. చాలా యాప్‌లకు ఓట్స్ తెలిసినంతగా మన తిండి తెలియదు.

ఈ ముద్ద 300 గ్రాములు తూగింది. యాప్‌లో ‘రాగి పిండి’ ఎంచుకుని 300 అని కొడితే 960 క్యాలరీలు చూపిస్తుంది. గుండె గుభేలుమంటుంది కదా? నిజానికి ముద్ద బరువులో ఎక్కువ భాగం నీళ్లే. అందుకే వండకముందే తూచాలి.

(స్క్రీన్ మీద: ఒక గిన్నెలో బియ్యం, ఇంకో గిన్నెలో రాగి పిండి)

బియ్యం 150 గ్రాములు, రాగి పిండి 200 గ్రాములు. వంద గ్రాములకు బియ్యంలో సుమారు 355, రాగి పిండిలో 320 క్యాలరీలుంటాయి. అంతా కలిపి 1,170 దాకా వచ్చింది. నాలుగు ముద్దలు కట్టాం కాబట్టి ముద్దకు 290 పైచిలుకు. ‘మా ఇంటి సంగటి’ అని పేరు పెట్టి యాప్‌లో దాచుకోండి. ఇక రోజూ తూచే పనుండదు.

బొరుగులతో చేసే ఉగ్గానికీ ఇదే పద్ధతి. బొరుగులు తేలిక, కానీ పోపు నూనె గ్రాముకు 9 క్యాలరీలు. పక్కన మిరపకాయ బజ్జీలు ఉండనే ఉన్నాయి. ఉత్త బొరుగులని రాసి ఊరుకుంటే ఆ పూట లెక్క తప్పినట్టే. చెనిక్కాయ (వేరుశనగ) గింజలైతే వంద గ్రాములకే 500 దాటుతాయి. మంచి తిండే, మానొద్దు, రాయడం మాత్రం మరవొద్దు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో తెచ్చిన ఆహార పట్టికల్లో రాగులు, జొన్నల లెక్కలన్నీ ఉన్నాయి.

(స్క్రీన్ మీద: ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్, వెనక ఇల్లు ఊడుస్తున్న ఒకామె)

ఇక నడక. ఫోన్‌లో యాక్సెలరోమీటర్ అని ఒక చిన్న భాగం ఉంటుంది. అది మన కుదుపును బట్టి అడుగులు లెక్కపెడుతుంది. ఫోన్ మన ఒంటిమీద లేకపోతే లెక్కే లేదు. పొద్దున్నుంచీ ఊడ్చి, నీళ్లు మోసి, మిద్దె ఎక్కిదిగిన ఆడమనిషికి సాయంత్రం ఆ ఫోన్ ఏం చూపిస్తుంది? చేనులో వంగి చెనిక్కాయ పెరికేవాళ్లదీ అదే కథ: నడుం పడిపోయేంత కష్టం, అడుగులు మాత్రం నాలుగే. ఆ అంకె చూసి ‘నేనేం చేయట్లేదు’ అని ఎవరైనా అనుకుంటే నాకు చాలా బాధేస్తుంది. అలాంటి పని ఎన్ని నిమిషాలు చేశారో యాప్‌లో మీరే ఎక్కించండి.

రోజుకు పదివేల అడుగులు వేయాలనే టెన్షన్ కూడా వద్దు. ఆ అంకె 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరులోంచి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అంత వేగం చాలు. మన ఎండల్లో అడుగులు తక్కువయ్యాయని మధ్యాహ్నం మాత్రం బయల్దేరకండి.

షుగర్ ఉన్నవాళ్లు ఒక్కటి గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఇన్సులిన్ గానీ, కొన్ని రకాల మాత్రలు గానీ వాడుతూ, యాప్ చెప్పిందని ముద్ద తగ్గిస్తే షుగర్ ఉన్నట్టుండి పడిపోవచ్చు. రెండు వారాలు రాసి, ఆ ఫోన్ పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఎంత తగ్గించాలో, అసలు తగ్గించాలో వద్దో అక్కడ అడగండి.